సాయంత్రం గడి

"ఇక్కడ సంతకం పెట్టమ్మా. మన వ్యానులోనే మూడింటికల్లా నీ తమ్ముణ్ణి ఇంటికి చేరుస్తాం" అన్నాడు లాండ్రీ గుమాస్తా, ఆస్పత్రి వరండాలో బల్లమీద కాగితం పరుస్తూ.

అక్క పెన్ను తీసుకుంది గానీ మూత తీయలేదు. పొద్దున్న పది గంటలకు పోయాడు తమ్ముడు. వరండా చివరి గదిలో తెల్ల దుప్పటి కింద ఉన్నాడు. ఆ ఆస్పత్రి దుప్పట్లన్నీ వాళ్ల లాండ్రీకే వస్తాయి. తమ్ముడిది ఉతుకుడు మిషన్ల దగ్గర పని, ఆమెది ఇస్త్రీ బల్ల. ఆ దుప్పటి కూడా ఆమె చేతిమీదుగా వచ్చిందే అయ్యుంటుంది.

కాగితం చదివింది. ‘మృతుడికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉన్నది. మరణానికి అదే కారణం. ఉద్యోగంలో చేరేటప్పుడు ఆ సంగతి దాచినాడు.’ ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని మూడు ముక్కల్లో చుట్టచుట్టి పక్కన పెట్టేశారు.

దాచిన మాట నిజమే. ఆరేళ్లప్పుడు ఆపరేషన్ చేసి గుండెలో చిల్లు పూడ్చారు. ఛాతీ మీది గాటు ఎవరికీ కనపడకూడదని ఎంత ఉక్కలోనూ చొక్కా పైగుండీ విప్పేవాడు కాదు. లాండ్రీలో అందరూ వాణ్ణి ‘గుండీలు’ అనే పిలిచేవాళ్లు. "గుండె గట్టిగా ఉండాలంటే గుండీ గట్టిగా ఉండాలి" అని వాడే నవ్వేసేవాడు. ఆ హాస్యం అక్కకి తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు.

అప్పటి డాక్టరు అమ్మతో, ‘బాగైంది. కానీ ఏడాదికోసారి చూపించండి, పళ్లు పాడవకుండా చూసుకోండి, జ్వరం వదలకపోతే పరిగెత్తుకు రండి’ అన్నాడు. ఇంట్లోవాళ్లు ‘బాగైంది’ దగ్గరే ఆగిపోయారు. పిల్లవాడు గోడలు దూకుతుంటే ఇంకా డాక్టరెందుకు అనుకున్నారు. నెల కిందట దవడ పన్ను దగ్గర వాచినప్పుడు ఉప్పునీళ్లు పుక్కిలించమన్నది అక్కే.

పన్ను తర్వాత జ్వరం పట్టుకుంది. లాండ్రీలో ఒంట్లో బాగాలేదని సెలవు కావాలంటే పొద్దున్న ఏడింటికి గేటు దగ్గర వరసలో నిలబడాలి. వాచ్‌మన్ తాత ఒక్కొక్కరి నోట్లో థర్మామీటరు పెట్టి గేటు పుస్తకంలో రాస్తాడు. జ్వరం ఉంటే ఇంటికి, లేకపోతే లోపలికి. చూపించకుండా మానేస్తే మూడు రోజుల కూలి కోత. ఈ పాడు జ్వరం మాత్రం మధ్యాహ్నం తిరిగాకే వచ్చేది. పందొమ్మిది రోజులు పొద్దున్నే గేటు దగ్గర ఓడిపోయి, సాయంత్రం దాకా తడి దుప్పట్లు మోశాడు వాడు. నిన్న రాత్రి ఇంట్లో కుప్పకూలితే ఇక్కడికి తీసుకొచ్చారు.

"ఇక్కడి డాక్టరమ్మ అలా చెప్పలేదండీ" అంది అక్క. "పంటి చీము రక్తంలో కలిసి గుండెకి పట్టిందంట. మొదటి వారంలోనే తీసుకొచ్చి ఆరు వారాలు ఇంజెక్షన్లు చేయించుంటే బతికేవాడేమో అన్నారు."

"గుండె మంచిదైతే పట్టేదా? మూలం పుట్టుకలోనే ఉంది కదమ్మా."

"పుట్టుకతో వచ్చినదాంతో ముప్పై ఎనిమిదేళ్లు బతికాడండీ. పందొమ్మిది రోజుల్లో పోయాడు."

గుమాస్తా గొంతు తగ్గించాడు. ఆయన చెడ్డవాడేం కాదు, తన కుర్చీ తను కాపాడుకునే మనిషి. "చూడు, వాణ్ణి పనిలో పెట్టించింది నువ్వు. నువ్వూ దాచావని పైవాళ్లు అంటే రేపట్నించి ఇస్త్రీ బల్ల దగ్గర ఇంకొకరుంటారు. ఇద్దరు పిల్లలున్నదానివి. పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు."

అక్కకి పిల్లలు కళ్లముందు మెదిలారు. పెన్ను మూత తీసింది.

గుమాస్తా అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. పని ఖాయం చేసుకుందామని, "రుజువు కావాలంటే ఇదిగో" అంటూ గేటు పుస్తకం కూడా తెరిచి పెట్టాడు. దాన్ని మోసుకొచ్చిన వాచ్‌మన్ తాత గోడవారన తల దించుకుని నిలబడి ఉన్నాడు. పందొమ్మిది తేదీలు. ప్రతిదాని పక్కనా తాత గుండ్రటి చేతిరాతే: ‘జ్వరం లేదు.’

అక్క ఒక్కొక్క వరసా వేలు పెట్టి చదివింది. తలెత్తి, "తాతా, సాయంత్రం పూట ఎప్పుడైనా వాడి ఒళ్లు ముట్టుకున్నావా?" అని అడిగింది.

"రోజూ సైకిలెక్కించి పంపింది నేనేగా తల్లీ. చెయ్యేస్తే కాలిపోయేది."

"తాతా!" అని కసిరాడు గుమాస్తా.

"మరి రాయలేదే?" అంది అక్క.

"పుస్తకంలో సాయంత్రానికి గడి లేదమ్మా" అన్నాడు తాత. ఆ మాట అనేసి ముసలాయన భోరుమన్నాడు.

అక్క కాగితాన్ని గుమాస్తా వైపు తోసేసింది. "నేను పెట్టను. మీ వ్యానూ వద్దు, మీ ఇస్త్రీ బల్ల ఎవరికిచ్చుకుంటారో ఇచ్చుకోండి" అంది. గేటు పుస్తకం దగ్గరికి లాక్కుని, ‘జ్వరం లేదు’ల పక్కన ఖాళీ అంచులో పైనుంచి కిందికి ఒక గీత గీసింది. పైన ‘సాయంత్రం’ అని రాసింది. పుస్తకాన్ని తాత వైపు తిప్పి, పెన్ను అతని చేతిలో పెట్టింది.

"మొదటి రోజు నుంచి రాయి తాతా."

గుమాస్తా పుస్తకం ఒక కొస పట్టుకుని లాగాడు. రెండో కొస మీద అక్క చెయ్యి ఉంది. తాత కళ్లు తుడుచుకుని, కళ్లజోడు కోసం జేబు తడుముకుంటున్నాడు.