పుంగనూరులో దిగిపోయిన మనిషి

మునిరాజు పొద్దున లేవగానే చేసే మొదటి పని వాకిట్లోకి పోయి చొక్కా దులుపుకోవడం. పల్లేరుకాయలు టపటపా రాలతాయి. వెనకాలే భార్య ఈశ్వరమ్మ చీపురుతో వచ్చి, వాటిని చేటలోకి ఎత్తి దిబ్బలో పోసి వస్తుంది. చొక్కా కొత్తదైనా అంతే, ఉతికి ఇస్త్రీ చేసినదైనా అంతే. మధ్యాహ్నానికి మళ్ళీ గుప్పెడు పోగవుతాయి. గుడుపల్లెలో ఇది ఎవరికీ వింత కాదు. టీ బంకులో ఆయన లేచిపోగానే బంకు మనిషి బెంచీ మీద గుడ్డతో ఒక విసురు విసురుతాడు. కుప్పం బస్సులో కండక్టరు, "వెనక సీటుకు పో మునిరాజన్నా, టైరు పంచరైతే నేను సావల్ల" అని ఎగతాళి చేస్తాడు. ఒకరికి మోకాళ్ళ నొప్పులు, ఒకరికి షుగరు, మునిరాజుకు పల్లేరుకాయలు. ముప్పై ఎనిమిదేళ్ళుగా రాలుతూనే ఉన్నాయి.

ఆయనకు ఇంకో పేరుంది. ఎదురుగా ఎవరూ అనరు. పిల్లల దొంగ. ఆయన వీధిలో నడిచిపోతుంటే తల్లులు ఆడుకునే పిల్లల్ని లోపలికి కేకేస్తారు. వాళ్ళకు ఇబ్బంది ఎందుకని ఆయనే తల వంచుకుని గబగబా దాటిపోతాడు.

ఈ ఏడు ఆ పేరు మరీ గట్టిగా తగిలింది. కూతురు సుమలతకు పెళ్ళయిన పదకొండేళ్ళకు ఆడపిల్ల పుట్టింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కుప్పంలో ఉండే అత్తగారు సుభద్రమ్మ పంపలేదు. "ఇన్నేండ్లకు దేవుడిచ్చిన బిడ్డ. పిల్లోళ్ళను ఎత్తుకపోయిన చెయ్యి దీని మీద పడేదానికి లేదు" అంది. వచ్చే ఆదివారం బిడ్డను తొట్టిల్లో వేస్తారు. వాళ్ళ ఇళ్ళల్లో బిడ్డను మొదట ఎత్తి తొట్టిల్లో వెయ్యాల్సింది తల్లిని కన్న తండ్రే. మునిరాజు రావచ్చు, గేటు బయట నిలబడి చూడొచ్చు, అంతవరకే అని సుభద్రమ్మ కబురు పెట్టింది. దానికి కూడా ఆయన సరేనన్నాడు.

ఈశ్వరమ్మ సరే అనలేదు. బుధవారం తెల్లారేసరికి మదనపల్లె బస్సెక్కింది, శాలేము రాజును చూడ్డానికి.

శాలేము రాజు రిటైరైన డ్రాయింగు మాస్టారు, డెబ్బై రెండేళ్ళ మనిషి, చర్చి సంఘంలో పెద్ద. ఆయనకూ మునిరాజుకూ మధ్య ఉన్నది ఒక్క రోజు. 1986 ఆగస్టులో మదనపల్లె ఆసుపత్రి డాక్టర్ కరుణాకర్ మూడేళ్ళ కూతురు ఎలిజబెత్‌ను ఎవరో ఎత్తుకుపోయారు. వి.కోట దాటినాక రోడ్డు పక్క బీడులోకి, మిట్టమధ్యాహ్నం, ఒక్క మనిషే డబ్బు సంచితో రావాలని చీటీ వచ్చింది. ఎవరు పోతారని చర్చిలో అడిగితే శాలేము రాజు లేచి నిలబడ్డాడు. వయసు ముప్పై నాలుగు, ఊరంతా చూస్తోంది, లేవడం ఎంతసేపు? పెద్దలందరూ ఆయన తల మీద చేతులుంచి, ఏడుస్తూ ప్రార్థన చేసి, ఆసుపత్రి జీపు ఎక్కించారు. జీపు డ్రైవరు మునిరాజు.

అక్కడి నుంచి కథ రెండయింది.

శాలేము రాజు కథ ఏటా ఆగస్టులో చర్చి కృతజ్ఞత కూడికలో వినొచ్చు. ఆయన ఒంటరిగా బీడులోకి నడిచాడు. మోకాళ్ళూని ప్రార్థన చేశాడు. సంచి ఇచ్చాడు. తనను రోడ్డు మీద దించిన డ్రైవరే వెనక నుంచి వచ్చి దొంగల పక్కన నిలబడటం కళ్ళారా చూశాడు. మొదట్లో దొంగలు ఇద్దరే. పదేళ్ళకు నలుగురయ్యారు. పాతికేళ్ళ కూడిక నాటికి ఏడుగురు, అందరి చేతుల్లోనూ వేటకొడవళ్ళు. ఆయన సాక్ష్యం ముగించి కూర్చుంటే ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

మునిరాజు కథ పెరగలేదు, తరగలేదు. పోలీసులకు చెప్పినా, కోర్టులో చెప్పినా, పెళ్ళానికి చెప్పినా అవే నాలుగు మాటలు. "సారు పుంగనూరులో దిగిపోయినాడు. కడుపు నొస్తాండాదన్న్యాడు. సంచి నాకిచ్చినాడు. నేను పోయి బిడ్డను తెచ్చినా." బిడ్డను భుజాన వేసుకుని బీడు దాటి రోడ్డెక్కుతుంటే పోలీసులు పట్టుకున్నారు. అసలు దొంగలు ఇప్పటికీ దొరకలేదు కాబట్టి దొరికినవాడే దొంగయ్యాడు. ఐదేళ్ళు జైలు.

ఆ బీడంతా పల్లేరే. ఆ రోజు ఒంటికి పట్టుకున్నవి మరి వదల్లేదు. కోర్టు బోనులో మునిరాజు నిలబడితే బంట్రోతు పూటకోసారి ఊడ్చేవాడు. అదే బీడులో మోకాళ్ళూనానని మడత నలగని తెల్ల ప్యాంటుతో శాలేము రాజు ప్రమాణం చేసి చెప్పాడు. ఇద్దరినీ అందరూ చూశారు. ఊడవమన్నారే గానీ, ఇవి ఇతనికే ఎందుకు రాలుతున్నాయని ఒక్కరూ అడగలేదు.

ఈశ్వరమ్మ పోయేసరికి మాస్టారు వరండాలో పేపరు చదువుతున్నాడు. చూడగానే గుర్తుపట్టాడు. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"తగువుకు రాలేదు సారూ," అంది ఆమె మెట్టు మీదే కూర్చుంటూ. "కోర్టు వద్దు, పేపరోళ్ళు వద్దు. ఆదివారం కుప్పానికొచ్చి మా వియ్యంపరాలికి ఒక్క మాట చెప్పండి, చాలు."

"ఏం మాటమ్మా?"

"యాడ దిగినారో ఆ మాట."

శాలేము రాజు కళ్ళజోడు తీసి తుడిచాడు. "ఎప్పటి సంగతి! నాకు సరిగ్గా గుర్తు లేదమ్మా."

"గుర్తు లేకుంటే ఏటేటా ఎట్ల చెప్తాండారు సారూ?"

ఆమె వెటకారానికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. చూస్తాను లెమ్మన్నాడు. ఆమె బిడ్డ సంగతి, గేటు సంగతి చెప్పి, ఇచ్చిన కాఫీ తాగకుండానే లేచింది. ముళ్ళ మొగుడితో కాపురం చేసిన చీర కదా, కూర్చున్న చోట రెండు పల్లేరుకాయలు మిగిలాయి. ఆయన కాలితో నెట్టబోయి, ఆగి, వంగి చేత్తో తీశాడు. ముల్లు చర్మంలోకి దిగింది. ఆ బీడులో మోకాళ్ళూనానని ఇన్నేళ్ళుగా చెబుతున్న మనిషికి పల్లేరు ముల్లు ఎలా గుచ్చుకుంటుందో అప్పుడే తెలిసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

భయపడినందుకు కాదు ఆ సిగ్గు. భయం ఎవరికైనా వేస్తుంది. ఆ సాయంత్రం పుంగనూరు నుంచి బస్సులో తిరిగొచ్చేసరికి జనం ఇంకా చర్చిలో ప్రార్థన చేస్తూనే ఉన్నారు. "పోయినావా నాయనా?" అని పాస్టరుగారు అడిగారు. అన్ని చేతులు తల మీద పెట్టించుకుని బయలుదేరినవాడు పోలేదని ఏ నోటితో చెబుతాడు? పోయినానన్నాడు. ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడానికి మిగతావన్నీ చెప్పాల్సి వచ్చింది. పోయింది తనే అయితే, బిడ్డతో దొరికిన మునిరాజు దొంగ కాక ఇంకేమవుతాడు?

మూడు రోజులు అన్నం సయించలేదు. ఆదివారం పొద్దున ఎలిజబెత్‌కు ఫోను చేశాడు. ఆమె ఇప్పుడు మదనపల్లెలోనే పళ్ళ డాక్టరు. "కుప్పం దాకా తీసుకుపోతావా తల్లీ?" అంటే, ఎందుకని అడగకుండా కారు తెచ్చింది.

పుంగనూరు బస్టాండు దగ్గర ఆయన ఆపమన్నాడు. కారు ఆగింది. ఆయన బస్టాండు వైపు చూస్తూ అన్నాడు. "ఆ పొద్దు నేను ఈడనే దిగిపోయినానమ్మా."

ఎలిజబెత్ స్టీరింగు మీది నుంచి చేతులు తీయలేదు. "తెలుసంకుల్."

"తెలుసా?"

"నన్ను మోసినాయన భుజం నిండా ముండ్లుండె. చెంపకు గుచ్చుకుంటా ఉండె. మరుసటి రోజు చర్చిలో మీరు ఎత్తుకున్నారు. మీ చొక్కా మెత్తగా ఉండింది."

"మరి చెప్పలేదే?"

"చిన్నప్పుడు చెప్తే పీడకల అన్నారు. పెద్దయినాక మీరు నన్ను చూపించి సాక్ష్యం చెప్తా ఉంటే అందరూ ఏడుస్తా ఉండిరి. వాళ్ళ మధ్య లేచి ఎట్ల చెప్పేది?" అని ఆగింది. "లేవలేకపోయినాను అంకుల్. మీ మాదిరే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. శాలేము రాజు చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది. "కడుపులో ఎట్లో ఉండాదమ్మా. నేను దిగిపోతాను" అన్నాడు. ఎలిజబెత్ కారు స్టార్టు చేసింది.

సుభద్రమ్మ ఇంటి ముందు షామియానా వేశారు. గేటు బయట కరెంటు స్తంభం పక్కన మునిరాజు కొత్త చొక్కాలో నిలబడి ఉన్నాడు, కాళ్ళ చుట్టూ పల్లేరుకాయలు. శాలేము రాజును చూసి పాత అలవాటుతో రెండు చేతులూ జోడించాడు. తిరిగి దండం పెట్టే ధైర్యం లేక శాలేము రాజు లోపలికి నడిచాడు.

సాక్ష్యానికి లేస్తే చర్చి మోగిపోయే గొంతు ఈ రోజు పక్కవాడికి కూడా వినపడలేదు. "గట్టిగా చెప్పు సామీ, ఏం చెప్పేదో" అంది సుభద్రమ్మ.

"నేను పోలేదమ్మా. పుంగనూరులో దిగిపోయినాను. భయమేసింది. సంచి మునిరాజుకిచ్చి పంపించినాను. ఆయన దొంగల కాడికి పోతాంటే నేను బస్టాండు కాడ హోటల్లో కూచోని దోసె తిన్నాను. ఒకటి తిని, ఇంకోటి తెమ్మన్నాను. బిడ్డను తెచ్చింది ఆయన. ఆయన్ను దొంగ అని కోర్టులో అబద్ధం చెప్పింది నేను."

"ఆ బిడ్డను నేనే," అంది ఎలిజబెత్. "ఆయన చెప్పింది నిజం."

వంటాయన గరిటె ఆపాడు. మూలనున్న ముసలాయన "రెండు దోసెలు" అని గొణిగాడు. కోర్టులో అబద్ధం చెప్పానన్నప్పటి కన్నా ఆ మాటకు శాలేము రాజు ఎక్కువ కుంచించుకుపోయాడు.

సుభద్రమ్మ ఆయన్ను తేరిపార చూసింది. "మీ ఇంట్లో పిల్లోళ్ళు లేరా సామీ?" అంది. జవాబు కోసం ఆగకుండా, బిడ్డను చేతుల్లోకి తీసుకుని గేటు దగ్గరికి నడిచింది. అందరూ వెంట వచ్చారు. ఆమెను చూసి మునిరాజు భయపడి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"చొక్కా దులుపుకో అన్నా," అంది. పదకొండేళ్ళ వియ్యంలో ఆయన్ను వరస పెట్టి పిలవడం ఇదే మొదలు.

మునిరాజు దులుపుకున్నాడు. ఏమీ రాలలేదు. మళ్ళీ దులిపాడు. ఈశ్వరమ్మ వచ్చి భుజాల మీద, వీపు మీద అరచేత్తో తడిమి చూసింది. "ఏమీ లేవు," అంది. సుభద్రమ్మ బిడ్డను ఆయన చేతుల్లో పెట్టింది.

ఆయన బిడ్డను ఒంటికి దూరంగా, రెండు చేతులూ బారచాపి పట్టుకున్నాడు.

"దగ్గరికి తీసుకో అన్నా, జారతాది."

మెల్లమెల్లగా ఎదకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు, ఇప్పుడు ఏడుస్తుందని. బిడ్డ ఆవలించింది.

సుమలత గేటు పట్టుకుని చూస్తూ ఉంది. "నాయినా, నన్ను యాపొద్దూ ఎత్తుకోలేదు గదా నువ్వు," అంది.

"ఒగసారి ఎత్తుకున్న్యామ్మా. నేను లోపలుండంగా పుట్టినావు. జైలు నుంచి వచ్చిన పొద్దు నాయినా అని ఉరికొచ్చినావు. ఎత్తుకుంటే కెవ్వుమన్న్యావు. నీ చెంపంతా నెత్తురు. మళ్ళ ఎత్తుకోలా."

సుమలత దగ్గరికొచ్చి, బిడ్డ లేని వైపు భుజం మీద చెంప ఆనించింది. అలాగే ఉండిపోయింది.

ఐదేళ్ళ జైలు సంగతి శాలేము రాజుకు తెలుసు. దానికి ఏదో ఒకటి చెప్పుకుంటూ ఇన్నేళ్ళు బతికాడు. ఇది తెలియదు. దీనికి చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు.

అందరూ తొట్టిలి దగ్గరికి కదిలారు. బిడ్డతో ముందు నడుస్తున్న మునిరాజు వెనక్కి తిరిగి, "సారూ, మీరూ రాండి," అన్నాడు.

"వస్తాను, పోండి," అన్నాడు శాలేము రాజు. లోపల జోలపాట మొదలై, ముగిసి, విస్తళ్ళు వేసేదాకా ఆయన కరెంటు స్తంభం పక్కనే నిలబడి ఉన్నాడు.