గొర్రెపిల్లకు పోసిన నీళ్లు

మా అత్త నల్లమ్మకు చెప్పడమే తప్ప వినడం తెలియదు. నిన్న పొద్దున నుంచి నా ఎనిమిది నెలల బిడ్డకు వాంతులు, విరేచనాలు. "నీళ్లు తాపితే నీళ్లే పోతాయి. కడుపు ఎండగట్టల్ల," అని పాలు కూడా పట్టనివ్వలేదు. ఆశా కార్యకర్త హేమావతి ఇచ్చిన ఓఆర్ఎస్ పొట్లం అటకెక్కింది.

"పేగుల్లో వైరస్ చేరిందక్కా," అని హేమావతి నెమ్మదిగానే చెప్పింది. "పేగు లోపలి పొరను పాడు చేస్తాది. తాగింది ఒంటికి పట్టదు, ఉండే నీళ్లూ బయటికి పోతాయి. ఈ ఉప్పూ చక్కెరే నీళ్లను మళ్లా ఒంట్లోకి లాగేది."

అత్త వినలేదు. నేనూ నోరెత్తలేదు, సిగ్గుచేటు.

ఈరోజు మధ్యాహ్నానికి బిడ్డ ఏడుస్తున్నా కన్నీళ్లు రావడం లేదు. కళ్లు లోపలికి పోయాయి. నా మొగుడు ఓబులేష్ ఆసుపత్రికి పోను ఆటో తెస్తానని ఉరవకొండకు పోయి గంటైంది. నిలవలేక బిడ్డనెత్తుకుని వాకిట్లోకి వచ్చాను. దొడ్డి దగ్గర మామ తిప్పయ్య, విరేచనాలతో పారుకుంటున్న గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని దాని మెడ మీద తోలు పట్టి వదిలాడు. ముడత అట్లే నిలబడింది.

"ఒంట్లో నీళ్లింకిపోయినాయి," అని ఉప్పు, బెల్లం కలిపిన నీళ్లు దాని నోట్లో పోశాడు.

నేను బిడ్డ పొట్ట మీద చర్మం పట్టి వదిలాను. ముడత పోలేదు. బిడ్డను మామ దగ్గరికి తీసుకుపోయాను.

"మామా, దీని తోలు కూడా చూడు."

ఆయన సబ్బుతో చేతులు కడుక్కొచ్చి చూశాడు. ముఖం పాలిపోయింది. "ఈశ్వరీ, ఆ పొట్లం యాడుండాది?"

"నీళ్లిస్తే ఇంకా పోతాయప్పా," అని అత్త అడ్డం వచ్చింది.

"గొర్రెపిల్లకి తాపుతాండారు గదత్తా. నా బిడ్డ దానికంటే తక్కువా?"

పెళ్లయ్యాక ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదలు. అటక మీది పొట్లం నేనే దించాను.

కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో పొట్లమంతా కలిపి చెంచాతో పట్టాను. కక్కింది. పది నిమిషాలాగి మళ్లీ పట్టాను. అత్త గడప దగ్గర నిలబడి నా చేతినే చూస్తోంది. చాలాసేపటికి ఆటో హారన్ వినబడింది. ఆ చప్పుడుకు బిడ్డ గట్టిగా ఏడ్చింది. చెంప తడిసింది.

ఆటోలో అత్త నా చేతిలోంచి గిన్నె తీసుకుని తనే పట్టడం మొదలుపెట్టింది.

"మా పెద్దోనికి మూడేండ్లు అప్పుడు," అంది. "పాణం పోయేముందు రెండు దినాలు నీళ్లు నీళ్లని అడిగినాడు. నేనియ్యలేదు."

ఆమె మీద నాకున్న కోపం ఏమైందో తెలియదు. ఆటో కుదుపులకు నీళ్లు ఒలుకుతుంటే, చెంచాను నేనూ పట్టుకున్నాను.