ఒకడి కాళ్ళ కొలత

నేను ఒక మూడు చక్రాల బండిని. ఆటోను కాను, రిక్షాను అంతకన్నా కాను. ఆ మాట ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు ఇంజను లేదు, పెట్రోలు అక్కరలేదు. మనిషి నా సీట్లో వెనక్కి వాలి, కాళ్ళు ముందుకు చాపి పెడళ్ళు తొక్కితే, నేలకు జానెడు ఎత్తున దూసుకుపోతాను. ఇలాంటి బండ్లకు పందేలు పెడతారు. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు సొంతంగా తయారుచేసుకుని, సొంతంగా తొక్కి, ఎవరి బండి గొప్పదో తేల్చుకోవాలని వస్తారు. చివరికి తేలేది ఎవరి బుద్ధి ఎలాంటిదన్నదే.

పాత సైకిళ్ళు, గోడ గడియారాలు తమ కథ చెప్పేటప్పుడు యజమానులను తలచుకుని కళ్ళు తుడుచుకుంటాయని విన్నాను. నాకు ఆ అలవాటు లేదు. తన కొలతకు నన్ను పుట్టించినవాడి మీద నాకున్నది కోపమే. ఆ కోపం దాచుకుని తియ్యగా చెప్పడం నాకు చేతకాదు. వినే ఓపిక ఉంటే వినండి, లేకపోతే మీ దారిన మీరు వెళ్ళండి.

కరీంనగర్ దాటాక పొలాల మధ్య ఉన్న ఒక కాలేజీలో, రేకుల కప్పు కింద ఉన్న వర్క్‌షాపులో నేను పుట్టాను. గొట్టాలు కోసి అతికింది ఇలియాస్, మెకానికల్ మూడో సంవత్సరం కుర్రాడు. చెయ్యి మంచిది, నోరు మెత్తనిది. కెప్టెన్ మాత్రం శ్రీకర్. ఆఖరి సంవత్సరం, ఆరడుగుల మనిషి. తండ్రికి ఊళ్ళో పలుకుబడి ఉంది, కాలేజీ చైర్మన్‌తో స్నేహం ఉంది. అతను కెప్టెన్ ఎలా అయ్యాడో ఇంతకంటే చెప్పనవసరం లేదు.

నా కొలత తీసిన రోజు నాకు బాగా గుర్తుంది. శ్రీకర్ చొక్కా విప్పి వర్క్‌షాపు నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. తొక్కుతున్నట్టు మోకాళ్ళు వంచి, చాపి చూపించాడు. ఇలియాస్ అతని చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. నడుము ఇక్కడ, మోకాలు ఇక్కడ, మడమ ఇక్కడ. ఆ గీత ప్రకారమే నా సీటు, నా పెడళ్ళు మోసే ముందరి గొట్టం తయారయ్యాయి. అంటే నేను బండిగా పుట్టలేదు, ఆ మనిషి నీడగా పుట్టాను.

"అన్నా, సీటు ముంగటికి ఎనకకు జరిగేటట్టు చేద్దామా?" అని ఇలియాస్ అడగనే అడిగాడు.

"బరువైతదిరా. నడిపేది నేను. నా కొలత సరిపోతది," అన్నాడు శ్రీకర్, ఒంటికంటిన దుమ్ము దులుపుకుంటూ.

మిగిలిన కుర్రాళ్ళు తలలూపారు. వాళ్ళలో ఒక్కడికైనా తనకూ కాళ్ళున్నాయన్న సంగతి గుర్తు రాలేదు.

పందెం నియమాల్లో ఒకటుంది. ప్రతి జట్టులోనూ బండి తొక్కే అమ్మాయి ఒకరు ఉండాలి. లేకపోతే జట్టును మైదానంలోకి రానివ్వరు. అందుకని అఖిలను తీసుకున్నారు. సిరిసిల్ల పిల్ల. తండ్రిది మరమగ్గాల పని. మనిషి పొట్టి, శ్రీకర్ భుజం దాకా కూడా రాదు. బడికి రోజూ సైకిలు మీద వెళ్ళి వచ్చిన పిల్ల కనక పిక్కలు గట్టివి. జట్టులో చేరమనగానే ఆమె మొహం వెలిగిపోయింది. తనను ఎందుకు పిలిచారో తెలియక అంత సంతోషపడింది, పాపం.

తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆమెకు అప్పజెప్పిన పని ఫ్లెక్సీ బ్యానరు వేయించడం, వర్క్‌షాపుకు చాయ్ తెప్పించడం. అయినా రోజూ వచ్చేది. నా గొట్టాల అంచులు ఆకురాయితో తనంత తానే నున్నగా చేసేది, చైనుకు నూనె పట్టించేది. పనిలో వంక పెట్టడానికి ఏమీ దొరక్క శ్రీకర్ ఆమె గొంతుకు వంక పెట్టాడు. పెద్దగా మాట్లాడుతుందట.

ఆమె నాలో మొదటిసారి కూర్చున్నప్పుడు పెడళ్ళకు ఆమె కాలి వేళ్ళు మాత్రమే తాకాయి.

"పాదాలు అందుతలేవన్నా. వేళ్ళతోటి ఎట్ల తొక్కాలె?"

"ఎనక దిండు పెట్టుకో."

"దిండు పెడితే జారుతది. బ్రేకేస్తే మనిషినే ముంగట పడ్త."

"నిన్ను గెల్వమని తీసుకున్నమా?" శ్రీకర్ నవ్వాడు. "రూల్‌ల అమ్మాయి ఉండాలె అన్నరు, నీ పేరు రాసినం. గట్ల కూసోని రెండు రౌండ్లు తిరుగు, సాలు."

అఖిల దిండును వీపు వెనక దోపుకుంది. సీటు అంచును పట్టుకున్న ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి. నిజం చెప్పాలంటే నాకు ఆమె మీద కూడా జాలి కలగలేదు. వేళ్ళతో తన్నుతూ, దిండు మీద జారుతూ, నన్ను మైదానమంతా పాములా మెలికలు తిప్పింది. ఎందుకొచ్చిందిరా ఈ పిల్ల నా ప్రాణానికి అని తిట్టుకున్నాను. అప్పటికి నేను కూడా శ్రీకర్ లెక్కలోనే ఆలోచించేదాన్ని. అతని కొలతకు పుట్టాక ఇంకెలా ఆలోచిస్తాను?

బయలుదేరే ముందు నాకు బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. శ్రీకర్ నాలో కూర్చుని, పొడుగాటి కాళ్ళు దర్జాగా చాపి, చేతులు కట్టుకుని ఫోటో దిగాడు. ఫ్లెక్సీ మీద నిండుగా ఆ ఫోటోనే. మిగిలినవాళ్ళ మొహాలు కింద వరసగా, తపాలా బిళ్ళలంత ఉన్నాయి. అఖిల మొహం చివర ఉంది. ఆ ఫ్లెక్సీ వేయించింది కూడా ఆమే.

పందెం వేరే రాష్ట్రంలో, వాడకం లేని పాత రన్‌వే మీద జరిగింది. దేశం నలుమూలల నుంచి నాలాంటి బండ్లు వచ్చాయి. మొదటిరోజు పొద్దున్నే పరీక్ష. పేరిచ్చిన ప్రతి ఒక్కరూ బెల్టు పెట్టుకుని కూర్చుని, పాదాలు పెడళ్ళ మీద పూర్తిగా ఆనించి, వేగంగా వచ్చి గీత దగ్గర ఆగి చూపించాలి. శ్రీకర్, తొక్కడానికి పేరిచ్చిన ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు నిక్షేపంగా ఆగారు. తరువాత అఖిల కూర్చుంది. పరీక్షించే పెద్దమనిషి వంగి చూశాడు. ఆమె వీపు వెనక ఉన్న దిండును రెండు వేళ్ళతో పట్టి బయటికి లాగి పక్కన పడేశాడు. బెల్టు వదులైపోయింది, పాదాలు గాలిలో ఊగాయి. అతను తల అడ్డంగా ఊపాడు. సాయంత్రంలోగా సరిచేసుకు వస్తే మళ్ళీ చూస్తాననీ, లేకపోతే జట్టు మొత్తం ఇంటికి పోవచ్చనీ చెప్పి పక్క బండి దగ్గరకు వెళ్ళిపోయాడు.

అప్పుడు చూడాలి మా వాళ్ళ వేషాలు. ఒకడు నియమాలను తిట్టాడు, ఒకడు ఎండను తిట్టాడు. శ్రీకర్ అఖిలను తిట్టాడు.

"నీ వల్లనే! కాళ్ళు లేనిదానివి టీమ్‌లకు ఎందుకొచ్చినవ్?"

"కాళ్ళు ఉన్నయన్నా. నీ బండికే అందుతలేవు," అంది అఖిల. ఆమె గొంతు నిజంగానే పెద్దది. పక్క జట్టువాళ్ళు తిరిగి చూశారు.

దారి ఒకటే ఉంది. నా ముందరి గొట్టాన్ని కోసి, పొట్టిగా చేసి, మళ్ళీ అతకాలి. ఒక గొట్టంలో ఇంకొకటి దూరి జరిగేలా చేద్దామంటే సరిపడే గొట్టం దొరకలేదు. ఆదివారం కావడంతో ఆ ఊళ్ళో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. పొట్టిగా చేస్తే అఖిల పడుతుంది. కానీ శ్రీకర్‌గానీ, అంతే పొడుగున్న మిగిలిన ఇద్దరుగానీ ఇక పట్టరు. రెండు రోజుల పందెం ఆమె ఒక్కతే తొక్కాలి. కొయ్యకపోతే ఎవరూ తొక్కరు.

చిన్నపిల్లలు కూడా తేల్చేసే సంగతి ఇది. శ్రీకర్ మాత్రం నా ముందు అడ్డంగా నిలబడ్డాడు.

"గొట్టం మీద చెయ్యేస్తే ఊరుకోను. నేను తొక్కని బండి పందెంల ఎందుకురా?"

మా వెంట వచ్చిన లెక్చరర్ మనోహర్ సారు గడ్డం గోక్కున్నారు. "శ్రీకర్, జర ఆలోచించయ్యా" అన్నారు. శ్రీకర్ చూసిన చూపుకు ఆలోచించమనడం కూడా మానేశారు. అతను ఫోను తీసుకుని, "మా నాయనతోటి మాట్లాడిపిస్త, వీళ్ళకు ఎవరితోటి పెట్టుకున్నరో తెలుస్తది" అంటూ గేటు వైపు నడిచాడు. అక్కడి వాళ్ళకు అతని తండ్రి ఎవరో తెలియదన్న ఊహ ఆ బుర్రకు తట్టలేదు.

అతను కనుమరుగు కాగానే అఖిల నన్ను మరమ్మతుల షెడ్డులోకి తోసుకుపోయింది. సిమెంటు నేల మీద వెల్లకిలా పడుకుంది.

"గీత గియ్యి, ఇలియాస్."

ఇలియాస్ సుద్దముక్క పట్టుకుని సారు వైపు చూశాడు. సారు గోడ వైపు చూశారు.

"నేను చాయ్ తాగొస్త," అన్నారు మనోహర్ సారు. "నేనేం సూడలే." పెద్దమనిషి ధైర్యం అంతవరకే ఉంది, వెళ్ళిపోయారు.

ఇలియాస్ గీశాడు. నడుము ఇక్కడ, మోకాలు ఇక్కడ, మడమ ఇక్కడ. అఖిల లేచి రంపం తానే తీసుకుంది. మొదటి కోతకు నేను కీచుమన్నాను. రంపం పట్టిన ఆ పిల్లను నేలకేసి కొట్టాలనిపించింది. మీ కీలు తీసి, ఎముక తగ్గించి, మళ్ళీ అతికిస్తే మీకెలా ఉంటుంది? ఆమె చెమట నా మీద కారింది, చెయ్యి బొబ్బలెక్కింది, రంపం ఆపలేదు. అరచెయ్యంత ముక్క టంగుమని కింద పడింది. దాన్ని ఆమె పక్కకు తన్నింది. అప్పుడు మొదటిసారి ఆ పిల్ల నాకు నచ్చింది. ఆమెలో కూడా నాలాంటి కోపమే ఉందని తెలిసింది.

ఇలియాస్ అతికాడు. చైను పొడుగైపోతే కొన్ని లింకులు తీసేశారు. శ్రీకర్ తిరిగి వచ్చేసరికి అఖిల పరీక్ష గీత దగ్గర బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంది. అతను పరుగెత్తుకొచ్చాడు, కానీ అప్పటికే ఆమె నన్ను ముందుకు దూకించింది. నేను తిన్నగా వెళ్ళి, గీతకు ఇవతలే, ఒక్క మెలిక కూడా లేకుండా ఆగాను. పరీక్షించే పెద్దమనిషి బొటనవేలు పైకెత్తాడు.

మర్నాడు అమ్మాయిలకు విడిగా పెట్టిన పందెంలో మాకు రెండో స్థానం వచ్చింది. ఆ మరుసటి రోజు జరిగిన పెద్ద పందెంలో మిగిలిన జట్లు మనుషులను మార్చుకుంటూ తొక్కాయి. అఖిల ఒక్కతే తొక్కింది. మధ్యలో ఒకసారి ఆగి వాంతి చేసుకుంది, నీళ్ళు పుక్కిలించి మళ్ళీ కూర్చుంది. మా వెనక ఇంకా బండ్లు ఉండగానే ముగించాం. జట్టులో చప్పట్లు కొట్టింది ఇలియాస్ ఒక్కడే. శ్రీకర్ డేరాలో కుర్చీ వేసుకుని ఫోను చూసుకున్నాడు. రెండో స్థానం కప్పు ఇచ్చేటప్పుడు మాత్రం లేచొచ్చి ఫోటోలో మధ్యన నిలబడ్డాడు.

కాలేజీలో సన్మానం పెట్టారు. వేదిక పక్కన నేను, నా వెనక ఆ పాత ఫ్లెక్సీ. కెప్టెన్ నాయకత్వం గురించి ప్రిన్సిపాల్ చాలాసేపు ఊదరగొట్టారు. శ్రీకర్ తండ్రి శాలువా కప్పించుకుని, కొడుకు భుజం మీద చెయ్యేశాడు.

"ఏదీ, బండిల కూసోరా. ఫోటో తీపిద్దాం."

"తర్వాత నాయనా."

"అరే కూసోమంటే!"

నా జన్మ ధన్యమైందని అంటే ఆ క్షణం గురించే అనాలి. శ్రీకర్ కూర్చున్నాడు. మోకాళ్ళు హ్యాండిల్‌కు కొట్టుకుని గడ్డం దాకా వచ్చాయి. ఒక కాలు పెడల్ మీద పెట్టబోతే రెండోది బయటికి జారింది. వెనక ఫ్లెక్సీలో అతనే కాళ్ళు దర్జాగా చాపుకుని కూర్చుని ఉన్నాడు. ముందు వరస పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

"గిదేందిరా? నీ బండిల నీకే కాళ్ళు పడ్తలేవు?" అన్నాడు తండ్రి. మైకు ఇంకా ఆపలేదు.

"ఇలియాస్ వెల్డింగ్‌ల తేడా చేసిండు నాయనా."

ఇలియాస్ తల దించుకున్నాడు. వెనక వరస నుంచి ఆ పెద్ద గొంతు మైకు లేకుండానే వినిపించింది.

"తేడా ఏం కాలే అంకుల్. నా కాళ్ళకు కోసిన. పందెం తొక్కింది నేనే."

ప్రిన్సిపాల్ గబగబా జాతీయగీతం పెట్టించేశారు.

మరుసటి ఏడాది జట్టులో అఖిల పేరు లేదు, ఇలియాస్ పేరూ లేదు. క్రమశిక్షణ లేదన్నారు. ఆమె చదువు ముగించుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నా దగ్గరకు వచ్చి కన్నీళ్ళు పెట్టుకోలేదు. నా అతుకు మీద బొటనవేలితో ఒకసారి రాసి, తుప్పు పడుతోందని గొణిగి వెళ్ళింది. నన్ను కాలేజీ గుమ్మం లోపల పెట్టి, చుట్టూ తాడు కట్టారు. పక్కన కప్పు, వెనక ఫ్లెక్సీ. 'రూపకల్పన, సారథ్యం: శ్రీకర్' అని ఒక బోర్డు. దాని కింద ఇంకో బోర్డు: 'ఇందులో కూర్చోరాదు.' ఆ రెండో బోర్డు ఎందుకు పెట్టారో మీకు నేను చెప్పాలా?

ఈ మధ్య ఒక మధ్యాహ్నం వాచ్‌మన్ అన్నానికి వెళ్ళినప్పుడు కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె తాడు దాటి వచ్చి నాలో కూర్చుంది. పొట్టి పిల్ల. పాదాలు రెండూ సరిగ్గా పెడళ్ళ మీద పడ్డాయి. సంబరంగా వాటిని వెనక్కి తిప్పి చూసింది. తరువాత ఫ్లెక్సీ వైపు తిరిగి చూసింది, బోర్డు చదివింది, మళ్ళీ తన కాళ్ళు చూసుకుంది.

"ఏయ్, ఈ అన్న దీంట్ల ఎట్ల పట్టిండే?"

తాడు అవతల నిలబడిన స్నేహితురాలు వంగి, నా గొట్టం మీది అతుకును చూసింది. చూసి నవ్వింది.

"పట్టలే. ఎవరో మనసొంటిదే తొక్కింది."

వాచ్‌మన్ కేకేయడంతో ఇద్దరూ పారిపోయారు. బోర్డు మీద శ్రీకర్ పేరు అలాగే ఉంది. ఉండనివ్వండి, దానికి ఏటా రంగు కూడా వేయించుకోనివ్వండి. ఆ మనిషి మాత్రం నాలో ఇక ఎప్పటికీ పట్టడు.