టీ కాచిన చెట్టు

చెట్లు నరికే మా జట్టులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త అడవి ముక్కలో దిగిన మొదటిరోజు ఏ చెట్టు కింద టీ కాస్తామో, ఆ చెట్టును ఆఖరి రోజు దాకా ముట్టుకోం. ఎవరు పెట్టారో తెలియదు. అందుకే ఎప్పుడూ కలపకు పనికిరాని ఏ వంకర చెట్టు కిందో కాస్తాం.

హ్యూవాన్ నదికి ఎగువన నరకడానికి మాకు మొన్న ఇచ్చిన ముక్కలో మొదటిరోజు టీ వంతు నాది. వాగు దాటి పావుగంట నడిచి, గమ్ అనే నీలగిరి జాతి ముసలి చెట్టు కింద నిప్పు రాజేశాను. ఆరుగురం చేతులు పట్టుకున్నా చుట్టూ అందని మాను. నా మోకాలు బాగాలేదు, ఇక్కడైతే గాలి తగలదు అని నాకు నేను చెప్పుకున్నాను. మోకాలు బాగాలేనివాడు వాగెందుకు దాటాడని నన్ను నేను అడగలేదు. నా మనసులో కొన్ని గదుల తలుపు నేను తట్టను.

మేస్త్రీ డారెల్ వచ్చి పొగను చూశాడు, చెట్టును చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"ఇదొక్కటే నాలుగు లారీల కలపరా ఏథల్."

"టీ చల్లారిపోతోంది, తాగు."

మిగతా నలుగురూ అప్పటికే కప్పులు పట్టుకున్నారు. ఇక ఆనవాయితీని కాదనే ధైర్యం అతనికీ లేకపోయింది. తాగాడు. తాగుతూనే చెప్పాల్సింది చెప్పాడు: చలికాలం వానలు ముదిరేలోపు మిల్లు అడిగినంత కలప పంపకపోతే, వచ్చే ఏడు ఈ పని పెద్ద యంత్రాలున్నవాళ్లకు పోతుంది, మా ఆరిళ్లలో పొయ్యి వెలగదు. ఆఖరి రోజున ఈ చెట్టును నేనే పడగొట్టాలి. సరేనన్నాను.

అడవి గేటు దగ్గర డేరా వేసుకున్న టామ్సిన్‌కు ఇరవై మూడేళ్లు. ఒక్క కొమ్మా నరకొద్దనే ఉద్యమంలోని పిల్ల. రోజూ మమ్మల్ని తిట్టేది, రోజూ నా ఫ్లాస్కులో టీ తాగేది. ఒకరోజు నోరాగక ఆ చెట్టు సంగతి చెప్పేశాను.

"అయితే నువ్వూ మావాడివే పెద్దాయనా."

"కాదమ్మాయ్. ముప్పయ్యేళ్లుగా నరుకుతున్నా. రేపూ నరుకుతా."

ఆఖరి రోజు వచ్చింది. రంపం భుజాన వేసుకుని వాగు దాటాను. చెట్టు దగ్గర ఆగిపోయాను. మా ముక్కకు హద్దుగా కట్టిన గులాబీ రిబ్బను నిన్నటిదాకా చెట్టుకు అవతల ఉండేది. ఇప్పుడు ఇవతలికి వచ్చింది. చెట్టు హద్దు బయట పడింది.

ముందు టామ్సిన్‌నే అనుమానించాను. తర్వాత ముడి చూశాను. అది ఎడమకు లాగి బిగించిన ముడి. కుడి బొటనవేలు రంపానికి పోగొట్టుకున్నవాడు తప్ప ఇంకెవరూ అలా కట్టరు.

బొటనవేలు లేని డారెల్ వెనకే వచ్చి ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఏ వెధవ కట్టాడోగానీ, హద్దు దాటి నరికితే జైలే."

"మరి నాలుగు లారీలు?"

"గట్టు అవతల గాలికి పడ్డ చెట్లున్నాయి. పోయిన వారమే అనుమతి తెచ్చా. బురద, ఏటవాలు, రెండు వారాల చాకిరీ. నీ మోకాలు వేసుకుని నువ్వే ముందు దిగాలి."

పోయిన వారమే. ఆ మాట ఇద్దరం విన్నాం, ఇద్దరం విననట్టే ఊరుకున్నాం. అతనికీ కొన్ని గదులున్నాయి.

అతను వెళ్లాక ఆ ముడులన్నీ విప్పి, బూటు లేసు కట్టినట్టు మళ్లీ కట్టాను. తనిఖీకి ఎవరైనా వస్తే డారెల్ చెయ్యి కనబడకూడదు. గేటు దగ్గర విషయం చెబితే టామ్సిన్ కాసేపు నవ్వి, తన మీద ఇప్పటికే మూడు కేసులున్నాయనీ, ఈ రిబ్బను జరిపిన నేరం నాలుగోదిగా తన పేరునే రాయించమనీ అంది.

పదమూడో రోజున ఆఖరి లారీ మిల్లుకు వెళ్లింది. మోకాలు ఇప్పటికీ నన్ను క్షమించలేదు.

అంతకుముందు, గట్టు అవతల దిగిన మొదటిరోజు నేను టీ గిన్నె అందుకోబోతే డారెల్ లాక్కున్నాడు. సన్నగా వాన పడుతోంది. చుట్టూ ఎక్కడా ఒక్క చెట్టు నీడైనా లేని చోట, సరిగ్గా బాట మధ్యలో కూర్చుని, నిప్పు రాజెయ్యడానికి అరగంట తంటాలు పడ్డాడు.