బావ చెవి

ముందు డ్రమ్ము దెబ్బ, దాని కింద బేస్, అన్నిటికీ పైన రేకు తాళాల సన్నటి చప్పుడు. ఆ వరసలోనే బావ పొద్దుట్నుంచీ పాట వింటూ, ఒక్కొక్కదాని మోత పెంచే, తగ్గించే గీతనూ స్క్రీన్ మీద పైకీ కిందికీ జరుపుతున్నాడు. శనివారం ఇరవై వేలమంది ముందు మోగబోయే రీమిక్స్ అది.

లౌడ్‌స్పీకర్లు బాగుచేసే కొట్టు పైన, గోడలకు గుడ్ల అట్టలు అంటించిన గది. తొమ్మిదేళ్ళ కిందట బావా, బావమరిదీ ఇక్కడే పాత పాటలకు హౌస్ అనే డాన్సు బీటు కట్టడం మొదలుపెట్టారు. మొదటిది విని కొట్టాయన, “గోడ పడగొడుతున్నారా ఏంటి?” అంటూ పైకొచ్చాడు. మూడోది డాన్సు క్లబ్బుల్లో మోగింది. ఇప్పుడు పేరున్న గాయకులే పాటలు పంపి, మీ చెయ్యి పడాలంటున్నారు. బావమరిది మాత్రం ఎక్కడికెళ్ళినా, “అంతా మా బావ చెవి” అనేవాడు. ఆ మాటకు బావ లోలోపల పొంగిపోయేవాడు.

బావమరిది టీకి కిందికెళ్ళాడు. పోల్చి చూద్దామని బావ పోయిన నెల విడుదలైన పాట తెరిచాడు. తాళాల గీత తను పెట్టినచోట లేదు. బాగా కిందికి దించి ఉంది. వాయించాడు. తాళాలే వినిపించలేదు. అంతకుముందు పాటా అంతే. పద్నాలుగు పాటలు తెరిచాడు, అన్నిట్లోనూ ఆ ఒక్క గీతే దించి ఉంది. జనం నెత్తిన పెట్టుకున్నవి ఆ పాటలే.

టీ గ్లాసులతో వచ్చిన బావమరిది స్క్రీన్ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఎన్నాళ్ళ నుంచిరా?”

“రెండేళ్ళు.”

“చెప్పొచ్చుగా.”

“ఏ నోటితో చెప్పను బావా? నాకు వినడం నేర్పిందే నువ్వు.”

“నాకు వినపడట్లేదని పెంచుకుంటూ పోయానన్నమాట. నువ్వు లేకపోతే జనం చెవులకి చిల్లులు పడేవి!” నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది, చెవులు పోయినందుకు కాదు. ప్రతి పాటా బయటికెళ్ళేముందు చాటుగా తన పని సరిదిద్ది, తర్వాత ఏమీ ఎరగనట్టు “బాగుందా బావా?” అని అడిగే మనిషిని తలచుకుంటే వచ్చింది.

“ఇది నువ్వే ముగించు. రేపట్నుంచి రాను.”

“బావా, కూర్చో.”

“మీ అక్క అన్నానికి చూస్తూంటుంది,” అని భుజం తట్టి, మెట్లు దిగిపోయాడు.

బావమరిది టీ గ్లాసులు స్పీకర్ పక్కన పెట్టి, స్క్రీన్ ముందు కూర్చున్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, తాళాల గీతను కిందికి దించి, పాటను మొదటినుంచీ వాయించాడు. డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడల్లా, బావ ముట్టని టీ మీద కట్టిన మీగడ సన్నగా వణికింది.