కాన్పు తేదీ

కాలరు కుడుతూ కుడుతూ వదిన మిషను మీదికి ఒరిగిపోయింది. కాన్పు ఆపరేషనై అది ఇరవై రెండో రోజు. పక్క మిషను మీదున్న ఆడపడుచు, లైనంతా చిన్నది అని పిలిచే మనిషి, లేచి పట్టుకునేలోపే చీర నెత్తురైంది. కడుపు మీది కుట్లు తెగాయి. సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చి ముందు చొక్కాలు పక్కకు లాగాడు, మరకలు పడతాయని.

లోపల చీము పట్టిందన్నారు. నాలుగో రోజుకు వదిన పోయింది.

చిన్నదానికి ఏడుపు రాలేదు. ఇంట్లో అమ్మ ఒళ్లో వదిన పసివాడు డబ్బా పాలు తాగుతుంటే చూసింది. మర్నాడు పనికొచ్చింది. తొమ్మిదో నెల కడుపు బల్లకు తగులుతుంటే కుర్చీ వెనక్కి జరుపుకుని కాలర్లు కుట్టింది.

ఆ ఫ్యాక్టరీలో బిడ్డ ఎప్పుడు పుట్టాలో సరుకు ఓడ చెప్పేది. ఆర్డరు గడువు చూసి, పని పల్చగా ఉన్న వారంలో కంపెనీ ఆసుపత్రిలో కడుపు కోసి బిడ్డను తీసేవారు. నొప్పులొచ్చేదాకా ఆగుతానన్నదానికి మళ్లీ మిషను ఉండదు.

వదిన పోయిన పదో రోజున చిన్నదానికీ ఆపరేషను తేదీ వేసిన చీటీ వచ్చింది.

"పదహారో తారీకు. సంతకం పెట్టు. నెల తిరక్కుండా లైన్లో ఉండాలి," అన్నాడు సూపర్‌వైజరు.

మధ్యాహ్నం భోజనాల షెడ్డులో ఆడవాళ్లంతా చుట్టూ మూగారు.

"అసలు కత్తే ముట్టనివ్వకు. మా అమ్మ ఏడుగుర్ని కన్నది, ఒక్క కుట్టు లేదు," అంది ఇస్త్రీ చేసే ఆమె.

"మీ అమ్మకు కలిసొచ్చింది," అంది బొత్తాల పెద్దమ్మ. ముప్పై ఏళ్లుగా బొత్తాలు కుడుతున్న మనిషి. "నా మొదటి బిడ్డ అడ్డం తిరిగింది. రెండు రోజులు నొప్పులు. కోసి తీసే దిక్కు లేక కడుపులోనే పోయింది. కత్తిని తిట్టకండే. అది ఎవరి చెప్పుచేతల్లో ఉందో చూడండి."

"అయితే ఏమంటావ్?"

"కొయ్యాలో వద్దో డాక్టరు చూసి చెప్పాలి, కనేది ఒప్పుకోవాలి. మధ్యలో ఈ సూపర్‌వైజరు ఎవడు?"

"మన మేనమామ!" అందెవరో. అందరూ నవ్వారు.

చిన్నది నవ్వలేదు. చీటీ తీసి బల్ల మీద పెట్టింది.

"నేను పెట్టను సంతకం."

"ఉద్యోగం పోతుందే!"

"వదినది పోలేదుగా," అంది చిన్నది.

కడుపుతో ఉన్న మరో ఆరుగురు ఒక్కొక్కరే తమ చీటీలు తెచ్చి ఆ బల్ల మీదే పెట్టారు. మర్నాడు పొద్దున నూట ఇరవై మిషన్లలో ఒక్కటీ తిరగలేదు. కంపెనీవాళ్లు గేటు మూశారు. వాళ్లు గేటు ముందే కూర్చున్నారు. పదహారో తారీకు వచ్చింది, పోయింది.

సమ్మె పద్దెనిమిదో రోజున చిన్నదానికి నొప్పులొచ్చాయి. ఆడవాళ్లే సర్కారు ఆసుపత్రికి చేర్చారు. సాయంత్రానికి డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"బిడ్డ గుండె నెమ్మదిస్తోందమ్మా. ఆపరేషన్ చేస్తే మంచిదని నా మాట. నువ్వేమంటావ్?"

నువ్వేమంటావ్ అని చిన్నదాన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు.

"చెయ్యండి. కానీ కోత మానడానికి ఎన్నాళ్లు పడుతుందో కాగితం మీద రాసివ్వాలి. మా అందరి కోసం."

డాక్టరమ్మ ఆరు వారాలని రాసిచ్చింది. చిన్నది సంతకం పెట్టింది. ఆడపిల్ల పుట్టింది.

మూడో రోజు ఇస్త్రీ ఆమె వార్డుకొచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది, మోచెయ్యి కొట్టుకుపోయి ఉంది.

"నీ కాగితం పెద్దమ్మ గేటు ముందు గట్టిగా చదివింది. పోలీసులు ఆమెను వ్యానులో పడేసి తీసుకుపోయారు. వెంటనే కంపెనీవాళ్లు గేటు తెరిచి, రండి రండి అన్నారు. ఒక్కతీ లోపలికి పోలేదే."

చిన్నది మంచం అంచు పట్టుకుని, కుట్ల మీద చెయ్యి అదుముకుని, మెల్లగా లేచి కూర్చుంది.

"పెద్దమ్మ బదులు మాట్లాడేదెవరు?"

"ఇంకా ఎవరూ లేరు."

"నా పేరు చెప్పు. కోత మానగానే వస్తానని మనవాళ్లకు చెప్పు. మానేదాకా రానని కంపెనీవాళ్లకు చెప్పు."