పచ్చికర్ర పడవ

ఫాల్గుణం వచ్చిందంటే కోయగుంపు ఆడవాళ్ళు తెల్లారకముందే తట్టలు పట్టుకుని బయల్దేరతారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇప్పపూలు ఏరడానికి అడవిలోకి పోతే, వీళ్ళు నల్లమడుగు ఒడ్డుకు పోతారు. మడుగు అడుగున మునిగి ఉన్న పడవ పూసినప్పుడు పూలు నీళ్ళమీదికి తేలతాయి. మోకాటి లోతులో నిలబడి జల్లెడలతో దేవుకుని బండమీద ఆరబోస్తారు. చెట్టుపూలకన్నా ఇవి కాస్త చప్పగా ఉంటాయనీ, ఆరడానికి ఇంకో ఎండ పడుతుందనీ తప్ప, వాటి గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోరు.

బాలి మాత్రం అందరికీ దూరంగా తూము పక్కన దేవుకునేది. ఆమెది పక్కనున్న లంబాడి తండా. ఆ పడవ నడిపి, దానితోపాటే మునిగిపోయిన జైరాం ఆమె మొగుడు.

"మొగుడేమో తాగి మా ఇండ్లు ముంచిండు. పెండ్లామేమో పూలకు మాతో సమానంగ వస్తది," అన్నది జంపక్క. ఆమె మొగుడు కూడా ఆ పడవలోనే పోయాడు.

"ఆయన చుక్క ముట్టేటోడు కాదు జంపక్కా."

"సర్కారు రాసింది గద. సర్కారుకన్న నీకే ఎక్కువ ఎరుకనా?"

ఒడ్డున కూర్చుని వింటున్న రూప్‌సింగ్‌కు ఒళ్ళు మండింది. అతను జైరాం తమ్ముడు. విశాఖపట్నంలో మునిగిన ఓడల దగ్గర పనిచేసే డైవరు. ఈసారి సెలవుమీద వస్తూ సామానంతా వెంట తెచ్చుకున్నాడు.

జరిగింది ఇదీ. కొన్నేళ్ళ కిందట కాంట్రాక్టర్ వీరభద్రానికి అవతలి గుట్టల్లో వెదురు కొట్టించడానికి పడవ కావాల్సి వచ్చింది. నిండా పూతమీదున్న ఇప్పమానును నరికించాడు. కోయవాళ్ళు ఇప్పను కొట్టరు. ఏ చెట్టునైనా కొట్టే ముందు దాని మొదట్లో నాలుగు గింజలు పోసి, ఎందుకు కొడుతున్నారో దానికి చెబుతారు. మనుషులకే ఏదీ చెప్పని వీరభద్రం చెట్టుకేం చెబుతాడు? ఆరబెట్టకుండానే పలకలు కోయించి, మేకులు కొట్టించి నీళ్ళలోకి తోయించాడు. "పచ్చికర్ర దొరా, ఎండకు నెర్రెలిస్తది, జర ఆగుదాం," అని జైరాం మొత్తుకున్నాడు. టెండరు ఆగదన్నాడు దొర. ఎండకు కర్ర నెర్రెలిచ్చింది. పడవ వెదురు మోపులతో, వాటి కింద చిక్కిన కూలీలతో సహా నడిమడుగులో మునిగింది. విచారణ దొరగారి గెస్ట్‌హౌస్‌లోనే జరిగింది. పడవవాడు తాగి ఉన్నాడని రాసుకుని, భోంచేసి వెళ్ళిపోయారు. చావు కూలివాడిది, సాక్ష్యం యజమానిది. ఈ దేశంలో ఆ పంపకం ఎప్పుడూ తప్పలేదు.

"నెర్రెలిచ్చిన ఆ పలక పైకి తెస్త వదినా," అన్నాడు రూప్‌సింగ్. "కండ్లతోటి చూసినంక ఎవడు కాదంటడో చూస్త."

ఈలోపు వీరభద్రమే అతన్ని పిలిపించాడు. మోటారుతో నడిచే కొత్త పడవ వచ్చింది. అది పోయే దారి వెంబడి నీళ్ళలో ఎర్రజెండాలు కూడా పాతించాడు.

"ఏరా, నీళ్ళలో ఊపిరి పీలుస్తావంటగా? ఆ పాత పడవ నా దారికి అడ్డమొస్తుందేమో చూసి రా. వస్తే కోసిపారెయ్."

"అట్లనే దొరా."

వీపున గాలి సిలిండర్, కాళ్ళకు రబ్బరు రెక్కలు, నడుముకు రంపం కట్టుకుని రూప్‌సింగ్ దిగాడు. టీ రంగు నీళ్ళు. కట్ట కట్టినప్పుడు మునిగిన అడవి మోడులై నిలబడి ఉంది. వాటి మధ్యన పడవ కనిపించింది. సముద్రంలో అతను చూసిన పడవలను పురుగు తినేది. ఇది మాత్రం బతికి ఉంది. పలకలమీద బెరడు కట్టింది. అడుగునుంచి వేళ్ళు బురదలోకి దిగాయి. అంచుల పొడుగునా కొమ్మలు లేచి, తెల్లగా పూసి ఉన్నాయి. ఒక్కో పువ్వూ తొడిమ వదిలి మెల్లగా పైకి రాలుతోంది.

పడవలోకి దిగి, చేతులతో బురద తోసి, నెర్రె కోసం వెతికాడు. చేతికి దొరికింది. కానీ గొడ్డలి దెబ్బ తిన్న చెట్టు గాయాన్ని మాన్పుకున్నట్టు, రెండువైపులనుంచీ బెరడు పొర్లుకొచ్చి కలిసిపోయి ఉంది. వేలు దూరే సందు కూడా లేదు. సాక్ష్యం మానిపోయింది.

"నువ్వు గూడ వాని దిక్కేనా?" అని అరిచాడు. నోట్లో గొట్టం ఉంది కాబట్టి బుడగలే వచ్చాయి. పిడికిలితో ఆ మచ్చమీద బాదాడు. అలిసిపోయి వెల్లకిలా వాలినప్పుడు, పైన కొమ్మ కనబడింది. పడవ ముక్కునుంచి లేచింది. తొడంత లావుంది. నీటిమట్టానికి మూరెడు కిందివరకూ, సరిగ్గా ఎర్రజెండాల వరుసలోకి పోయి ఆగింది. దానిమీద రంపం పెట్టాడు. కాసేపు అలాగే ఉండి, తీసేశాడు.

"ఏమైందిరా?" అన్నాడు ఒడ్డున వీరభద్రం.

"దారి సాఫ్‌గుంది దొరా."

అక్కడినుంచి నేరుగా ఆదెమ్మ దగ్గరికి పోయాడు. గుంపులో ఆమె మాటకు ఎదురు లేదు. ఆమె కొడుకు పోతయ్య కూడా ఆ పడవలో పోయినవాడే. సంగతంతా విని ఆమె నోట్లో పొగాకు ఇంకో బుగ్గకు మార్చుకుంది.

"కొమ్మ తగుల్తది అవ్వా. గాని పడవ ఎక్కేది మనోళ్ళే గద," అన్నాడు.

"మనోళ్ళెందుకు ఎక్కుతరు? కొత్త పడవల ముందుగాల యజమాని ఒక్కడే పోయి అవతలి ఒడ్డు ముట్టి రావాలె. లేకుంటే గంగమ్మ ఒప్పదు. అది మా ఆచారమని చెప్త."

"నిజంగ మీకట్ల ఆచారముందా?"

"ఇయ్యాల్టి సంది ఉంది."

పండగలా జరిగింది ప్రారంభం. మండలాఫీసునుంచి పెద్దసారు జీపులో వచ్చి, నీళ్ళంటే భయం కాబట్టి ఒడ్డునే కుర్చీ వేయించుకున్నాడు. ఆచారం మాట విని వీరభద్రం పొంగిపోయాడు. మెడలో దండతో ఒక్కడే ఎక్కి, మోటారు తనే పట్టుకుని, ఒడ్డుకు చెయ్యి ఊపుతూ పోయాడు. నడిమడుగులో పడవ ఆగింది. కొమ్మ దాని కిందికి వచ్చి, పిల్లను చంకనెత్తుకున్నట్టు మెల్లగా పైకెత్తింది. మనిషెత్తు, ఆపైన ఇంకో మనిషెత్తు. పడవ చుట్టూ చిగుళ్ళు విచ్చుకున్నాయి. మోటారు గాలిలో కాసేపు గింజుకుని ఆగిపోయింది.

"ఈతొచ్చినవాళ్ళు పోండయ్యా!" అని సారు కుర్చీలోంచి లేచాడు. ఈత రానివాడు అక్కడ ఆయనొక్కడే. ఎవరూ కదల్లేదు. "ఏమయ్యా, నువ్వు డైవర్‌వి గదా?"

"డైవర్‌నే సార్. కిందికి పోయినోళ్ళను తెచ్చుడు నా పని. దొర పైకి పోయిండు."

వీరభద్రం ముందు తిట్టాడు. తర్వాత జైల్లో వేయిస్తానన్నాడు. పడవ కాస్త పక్కకు ఒరిగేసరికి దండం పెట్టాడు. బాలి నడుములోతు నీళ్ళలోకి నడిచింది.

"పాత పడవ ఎందుకు మునిగింది దొరా?"

"నీ మొగుడు తాగి..."

కొమ్మ ఇంకో బారెడు లేచింది.

"పచ్చికర్ర! అది పచ్చికర్ర!" వీరభద్రం గొంతు చీలిపోయింది. "జైరాం ముందే చెప్పాడు! నేనే వినలేదు! వాడు తాగలేదు!"

మడుగంతా ఆ మాట తిరిగింది. జంపక్క చేతిలోని జల్లెడ కింద పెట్టింది. చీర తడుస్తున్నా నీళ్ళలోకి దిగి, బాలి పక్కన, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా నిలబడింది. ఇద్దరూ ఒకరివైపు ఒకరు చూసుకోలేదు. నిజం చెప్పాడు కదా, ఇక దించుతుందేమో అని రూప్‌సింగ్ పిడికిళ్ళు బిగించి చూశాడు. కొమ్మ దించలేదు.

సారు జేబురుమాలుతో మొహం తుడుచుకుని, ఎవరివైపూ చూడకుండా అన్నాడు: "గాలి ఎక్కువగా ఉంది. ఏమన్నాడో నాకు సరిగా వినపడలేదు."

జంపక్క రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది.

"గట్టిగ చెప్పు దొరా! సారుకు వినపడలేదంట!"

వీరభద్రం మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ఆదెమ్మ బండమీద ఆరిన పూలు ఒక పక్కకు జరిపి, వినడానికి వీలుగా కూర్చుంది. ఆమెను చూసి మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే కూర్చున్నారు. పొద్దు ఇంకా చాలా ఉంది.